లంబసింగి చలి రైడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ధనుర్మాసంలో మా క్లబ్బు విశాఖ నుంచి లంబసింగికి ఒకరోజు రైడ్ వెళ్తుంది. తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడేలోపు ఇల్లు చేరడం మా పద్ధతి. పేరు ఇచ్చినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు కాబట్టి, వాటికి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఈ రైడ్‌లో నేను స్వీప్‌ని. అంటే అందరికంటే వెనక వచ్చే బండి నాది. ఎవరి భుజాలు బిగుసుకుపోయాయో, ఎవరి ఎడమ చెయ్యి మాటిమాటికీ ఇంజిన్ వేడి కోసం కిందికి వెళ్తోందో, ఎవరు మలుపులో ఆలస్యంగా బ్రేకు వేస్తున్నారో వెనక నుంచి బాగా తెలుస్తుంది. అందుకే ఇక్కడ చలి గురించి కాస్త ఎక్కువే రాశాను.

ఎక్కడ కలుస్తాం? దారి ఏది?

తెల్లవారుజామున నాలుగున్నరకి ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర కలుస్తాం. ఐదింటికి బండ్లు కదులుతాయి. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం, అనకాపల్లి మీదుగా హైవేలో తాళ్లపాలెం దాకా వెళ్లి, అక్కడ కుడివైపు తిరిగి మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం చేరతాం. టిఫిను అక్కడే. తర్వాత డౌనూరు దాటితే ఘాట్ రోడ్డు, పైకెక్కితే లంబసింగి. నర్సీపట్నం నుంచి సుమారు 30 కిలోమీటర్లు, విశాఖ నుంచి మొత్తం వంద పైచిలుకు. తిరుగు ప్రయాణం కూడా అదే దారి.

ఆదివారం పెట్టుకోకుండా బుధవారం ఎందుకు?

డిసెంబరు, జనవరి ఆదివారాల్లో లంబసింగి రోడ్డు కార్లతో కిక్కిరిసిపోతుంది. ఘాట్ మలుపుల్లో కారు వెనక కారు ఆగిపోతే, రెండు చక్రాల బండి మీద ఏటవాలులో క్లచ్ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. చలికి చెయ్యి అసలే సరిగా పలకదు, ఆ పైన ఇది. సెలవు పెట్టడం కష్టమని తెలుసు. అయినా ఈ ఒక్క రైడ్‌కి వారం మధ్యలోనే వెళ్దామని అందరం కలిసి అనుకున్నాం.

ఇంకా ముందే, రాత్రి రెండింటికే బయలుదేరితే లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద మేఘాలు చూడొచ్చు కదా?

చూడొచ్చు. కింద లోయంతా పాలు పోసినట్టు మబ్బు పరుచుకుని ఉంటే, పైనుంచి సూర్యుడు రావడం చూడటం గొప్పగానే ఉంటుంది. కానీ దానికోసం చీకట్లో, పొగమంచులో ఘాట్ ఎక్కాలి. ఇరవై బండ్లని ఆ చీకట్లో మలుపుల మీదికి తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. మేఘాలు చూడాలనుకుంటే ముందురోజే వెళ్లి పైన రాత్రి ఉండండి. పొద్దున్న మేం వచ్చి మిమ్మల్ని కలుస్తాం.

లంబసింగిలో నిజంగా అంత చలా? మన ఆంధ్రాలోనేనా?

నిజమే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉందీ ఊరు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఒక అంకె ఉష్ణోగ్రత అక్కడ మామూలే. కొన్నిరోజులు సున్నా దరిదాపులకి దిగి గడ్డి మీద మంచు గడ్డకట్టి కనిపిస్తుంది. ఎత్తు ఒక్కటే కారణం కాదు. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి, చుట్టూ ఉన్న కొండల మీంచి జారి పల్లంలో నిలబడిపోతుంది. అందుకే ఎండ పొడిచే ముందు గంటే అన్నిటికంటే చల్లగా ఉంటుంది.

ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందని చెప్తారు. బండి మీద ఓసారి వెళ్లి వస్తే ఆ పేరు అతిశయోక్తి అనిపించదు.

ఫోన్‌లో 10 డిగ్రీలు చూపిస్తోంది. అంత చలి తట్టుకోలేనా?

నిలబడి ఉంటే తట్టుకుంటారు. బండి నడుస్తుంటే లెక్క వేరు. ఒంటి చుట్టూ మనం వేడి చేసుకున్న గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. 10 డిగ్రీల్లో గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, గాలి తగిలే చర్మానికి అది 5 డిగ్రీల చలితో సమానం. అసలు చలే 5 డిగ్రీలైతే సున్నాకి దిగువన రెండు డిగ్రీలున్నట్టు తగులుతుంది. పైగా అది ఐదు నిమిషాల్లో తీరిపోయేది కాదు, గంటలకొద్దీ తగులుతుంది. హైవే మీద వేగం ఎక్కువ, ఘాట్ మీద చలి ఎక్కువ. కాబట్టి ఎన్ఏడీలో వేసుకున్న జాకెట్ చాలనిపించినా, నర్సీపట్నంలో ఇంకో పొర వేసుకోండి.

ఏం వేసుకోవాలి? ఖరీదైన రైడింగ్ జాకెట్ లేదు.

లేకపోయినా రావచ్చు. పొరలు ముఖ్యం, ఖరీదు కాదు. ఒంటికి అతుక్కునే పల్చటి ఫుల్‌హ్యాండ్స్ బనియను, దాని మీద స్వెటరు, ఆ పైన గాలి చొరని జాకెట్. ఈ మూడోదే అసలైంది. ఎంత మందం ఉన్ని స్వెటరైనా సరే, గాలి దాని అల్లికలోంచి సూటిగా లోపలికొచ్చేస్తుంది. గాలి చొరని జాకెట్ లేకపోతే వాన కోటు వేసుకోండి, అదీ గాలిని ఆపుతుంది.

ఇంకో పాత చిట్కా. మా నాన్నగారు లూనా మీద డ్యూటీకి వెళ్లే రోజుల్లో చేసేవారు. నిన్నటి పేపరు తీసుకుని, రెండు షీట్లు కలిపి నాలుగు మడతలు పెట్టి, స్వెటరుకీ జాకెట్‌కీ మధ్య ఛాతీ మీద పెట్టుకోండి. జిప్ పైకి లాగితే కదలదు. మొదటి పది నిమిషాలు గరగరలాడుతుంది, తర్వాత ఒంటికి సర్దుకుంటుంది. ఛాతీకి తగిలే గాలి అక్కడే ఆగిపోతుంది. ఎండెక్కాక తీసి బ్యాగులో పెట్టుకుంటే సరి. నా దగ్గర మంచి జాకెట్ ఉన్నా, నర్సీపట్నంలో టిఫిను తిన్నాక నేను చేసే మొదటి పని ఇప్పటికీ ఇదే.

కాళ్లకి జీన్స్ ఒక్కటే వేసుకుంటే చాలదు, లోపల పల్చటి ప్యాంటు ఉండాలి. మోకాళ్లు గాలికి ఎదురుగా ఉంటాయి, అవి ముందు పట్టేస్తాయి. రెండు జతల సాక్సులు వేసుకుని బూటు బిగుతైతే మాత్రం చలి ఇంకా పెరుగుతుంది. కాలివేళ్లు బూటులో కదలాలి. కదలకపోతే రక్తం ఆడదు. మెడకి మఫ్లర్ చుట్టుకుంటే కొసలు జాకెట్ లోపలే దోపండి, బయట వేలాడనివ్వద్దు. చీర చెంగుకీ, చున్నీకీ కూడా ఇదే మాట. చైన్‌లోనో చక్రంలోనో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకోవచ్చా?

ఉన్ని మంకీ క్యాప్ వద్దు. లోపల అంత మందం ఉంటే హెల్మెట్ తలకి సరిగా కూర్చోదు, కింద పడినప్పుడు జారుతుంది. హెల్మెట్ కింద వేసుకునే పల్చటి గుడ్డ తొడుగు దొరుకుతుంది. అది చెవుల్నీ మెడనీ కప్పితే చాలు. మంకీ క్యాప్ బ్యాగులో వేసుకుని రండి, పైన టీ తాగేటప్పుడు పనికొస్తుంది. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నదై ఉండాలి. ముందు కూర్చున్నవాళ్లకీ వెనక కూర్చున్నవాళ్లకీ ఇదే నియమం.

చేతులు కొంకర్లు పోతున్నాయి. ఏం చేయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే, ఇది చదవండి.

రెండేళ్ల కిందట మాతో ఒక కుర్రాడు వచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, బండి బాగానే నడుపుతాడు. గ్లౌజులు ఉన్నాయి గానీ, ఎండాకాలంలో వేసుకునే జాలీ గ్లౌజులు. నర్సీపట్నంలో "చలిగా ఉందా తమ్ముడూ?" అని అడిగాను. "లేదన్నా, బాగానే ఉంది" అన్నాడు. టీ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. నేను చూశాను, కానీ ఇంకోసారి అడగలేదు. ఘాట్‌లో ఒక హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఎదురుగా లోడు లారీ వచ్చింది. అందరం వేగం తగ్గించాం. అతను గేరు తగ్గించబోయాడు. వేళ్లు క్లచ్ మీదికి వెళ్లాయి గానీ మూసుకోలేదు. బండి కుదుపు కొట్టి ఆగి, లోయ వైపు ఒరిగి పడింది. వేగం దాదాపు లేదు, లారీ డ్రైవరు అప్పటికే ఆపేశాడు, కాబట్టి మోకాలు గీసుకుపోవడంతో పోయింది. గ్లౌజులు తీసి చూస్తే వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోయాడు. "నా ఒక్కడి కోసం అందర్నీ ఆపడం ఎందుకని చెప్పలేదన్నా" అన్నాడు.

అప్పట్నుంచి మా క్లబ్బులో ఒక నియమం పెట్టుకున్నాం. చలేస్తోందని ఒక్కరు చెప్పినా గుంపంతా ఆగుతుంది. ఎందుకని ఎవరూ అడగరు. బండి మీద ఉండి చెప్పాలంటే ఎడమ చెయ్యి పైకెత్తి పిడికిలి మూసి తెరవండి. మీ పిడికిలి పూర్తిగా మూసుకోకపోతే అది మీకే తెలిసిపోతుంది. ఆగిన ప్రతిచోటా బొటనవేలితో చిటికెనవేలిని తాకి చూసుకోండి. అందకపోతే బండి ఎక్కొద్దు.

ఇక చేయాల్సినవి. గాలి చొరని ఫుల్ గ్లౌజులు ఉంటే సరే. లేకపోతే మెడికల్ షాపులో దొరికే పల్చటి రబ్బరు గ్లౌజులు లోపల వేసుకుని, మీ గ్లౌజులు పైన వేసుకోండి. చెమటకి కాస్త తడిగా అనిపిస్తుంది గానీ గాలి ఆగుతుంది. చేతులు మొద్దుబారితే ఆపి, గ్లౌజులు తీసి, చంకల్లో పెట్టుకోండి. సైలెన్సర్ మీద పెట్టొద్దు, చలిమంటకి మరీ దగ్గరగా చాపొద్దు. మొద్దుబారిన చేతికి కాలడం తెలియదు, బొబ్బలెక్కాక గానీ తెలిసిరాదు. ఛాతీ వెచ్చగా ఉంటేనే రక్తం వేళ్లదాకా వెళ్తుందని కూడా గుర్తుంచుకోండి. చేతులు చల్లబడుతున్నాయంటే చాలాసార్లు తక్కువైంది గ్లౌజు కాదు, ఒంటి మీద ఇంకో పొర.

నా బ్యాగులో ఆరు జతల గ్లౌజులు అదనంగా ఉంటాయి. అడిగి తీసుకోండి.

వణుకు ఎంతవరకు మామూలు? ఎప్పుడు భయపడాలి?

వణకడం ఒంటికి మంచిదే, వేడి పుట్టించుకోవడానికి శరీరం చేసే పని అది. మాట తడబడుతుంటే, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతుంటే, అడుగు తూలుతుంటే మాత్రం వెంటనే జాగ్రత్త పడాలి. బాగా వణుకుతున్న మనిషి చలి తగ్గకుండానే వణకడం మానేస్తే అది ఇంకా ప్రమాదం. అలాంటివాళ్లని గాలి తగలని చోట కూర్చోబెట్టి, తడి బట్టలుంటే మార్చి, దుప్పటి చుట్టి, మింగగలిగితే వేడిగా తియ్యగా ఏదైనా తాగించాలి. అరచేతులూ అరికాళ్లూ గట్టిగా రుద్దకూడదు. 108కి ఫోన్ చేయాలి. నర్సీపట్నంలో ఏరియా ఆసుపత్రి ఉంది, చింతపల్లిలోనూ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఆ మనిషి ఇక ఆ రోజు బండి నడపకూడదు, బాగైపోయానని తనే చెప్పినా సరే.

చలికి కొంచెం మందు వేసుకుంటే?

వద్దు. తాగినప్పుడు చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. రైడ్ ముందురోజు రాత్రి తాగినవాళ్లు కూడా రావద్దు. ఇందులో మినహాయింపులు లేవు.

హెల్మెట్ గ్లాసు మసకబారుతోంది. నడపలేకపోతున్నాను.

మన ఊపిరిలోని తేమ చల్లటి గ్లాసు మీద పట్టేస్తుంది. గ్లాసుని ఒక్క మెట్టు పైకి తెరిచి ఉంచితే గాలి ఆడి చాలావరకు పోతుంది. రాత్రే గ్లాసు లోపలివైపు ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బునీళ్లు రాసి, కడగకుండా మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. ముక్కు మీదికి గుడ్డ కడితే ఊపిరి పైకి తన్ని గ్లాసు ఇంకా మసకబారుతుంది, కాబట్టి ముక్కు దగ్గర వదులుగా ఉంచండి. కళ్లజోడు ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది రెట్టింపు. వాళ్లు గుంపు మధ్యలో ఉండి, కనిపించకపోతే మొహమాటపడకుండా ఆపమని చెప్పాలి. నల్ల గ్లాసు హెల్మెట్లు ఈ రైడ్‌కి పనికిరావు.

పొగమంచులో హైబీమ్ వేస్తే బాగా కనిపిస్తుందా?

కనిపించదు. వెలుతురు మంచు బొట్లకి తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది, ఎదుట తెల్లటి గోడ నిలబడినట్టు ఉంటుంది. లోబీమ్ వేసుకోండి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని నడపొద్దు, మీరు ఎటు తిరుగుతారో వెనకవాళ్లకి తెలియదు. మంచు మరీ దట్టంగా ఉంటే లీడ్ బండి, అంటే అందరికంటే ముందు నడిచే బండి, రోడ్డు దిగి ఆగుతుంది. అందరం రోడ్డుకి దూరంగా ఆగి ఎండ కోసం ఎదురుచూస్తాం. కిందటి ఏడు మాకవరపాలెం దాటాక అలా ముప్పావు గంట నిలబడ్డాం.

ఆ దారిలో నేను ఎక్కువ భయపడేది చెరకు ట్రాక్టర్లకి. అనకాపల్లి బెల్లం సీజను అదే సమయానికి మొదలవుతుంది. ట్రక్కు నిండా చెరకు వేసుకుని, వెనక ఒక్క లైటూ లేకుండా, మంచులో మెల్లగా వెళ్తుంటాయి. గడల కొసలు బయటికి పొడుచుకుని ఉంటాయి. బెల్లం వండే వాసన కమ్మగా తగిలిందంటే వేగం తగ్గించండి, ట్రాక్టరు దగ్గరలోనే ఉండొచ్చు.

గుంపులో ఎలా నడపాలి? నాకు ఇదే మొదటిసారి.

మొదటిసారి వచ్చేవాళ్లు లీడ్ బండికి వెంటనే వెనక ఉంటారు. లీడ్ బండి మీ వేగాన్ని చూసుకుని నడుస్తుంది. చాలామంది కొత్తవాళ్లు మొహమాటంతో చివరికి వెళ్లిపోతారు. అది తప్పు. గుంపు సాగినకొద్దీ చివరివాళ్లు అందుకోవడానికి ఎక్కువ వేగంతో పరుగెత్తాల్సి వస్తుంది.

హైవేలో ఒకరు లేన్‌లో కుడివైపు, తర్వాతివాళ్లు ఎడమవైపు, ఇలా ఎడం ఎడంగా నడుస్తాం. మీ ముందు, మీ వరుసలోనే ఉన్న బండి ఒక కరెంటు స్తంభం దాటాక, మీరు ఆ స్తంభాన్ని చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి. 60 వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్లు. పొగమంచులో, తడి రోడ్డు మీద దాన్ని రెట్టింపు చేయండి. ఘాట్‌లోకి వచ్చాక అందరం ఒకే వరుస, ఎవరి మలుపు వాళ్లు చూసుకోవాలి. గుంపులో ఒకరినొకరు ఓవర్‌టేక్ చేయడం లేదు. పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకోవడం అసలే లేదు.

వెనకబడిపోతే? దారి తప్పితే?

మీ వెనక బండి అద్దంలో కనిపించేలా చూసుకోవడం మీ బాధ్యత. కనిపించకపోతే మెల్లగా వెళ్లండి, అయినా రాకపోతే ఆగండి. మీరు ఆగితే మీ ముందువాళ్లు ఆగుతారు, అలా లీడ్ దాకా కబురు అందుతుంది. తాళ్లపాలెంలోనూ నర్సీపట్నం కూడళ్లలోనూ లీడ్ వెనక ఉన్న బండి మలుపు దగ్గర నిలబడి అందరికీ దారి చూపిస్తుంది, నేను వచ్చేదాకా కదలదు. ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ అక్కడక్కడా ఉండదు, అందుకే ఫోన్‌ని నమ్ముకోకుండా ఈ పద్ధతి పెట్టుకున్నాం. ఎంత వెనకబడినా నా ముందే ఉంటారు, నేను ఎవర్నీ దాటి వెళ్లను.

బండికి ఏం చూసుకోవాలి?

బ్రేకులు, టైరు అరుగుదల, చైన్ వదులు, లైట్లు. వీటిని రెండు రోజుల ముందే మెకానిక్‌కి చూపించండి. ముందురోజు రాత్రి చూపిస్తే, ఏదైనా తేడా వచ్చినా సరిచేసే టైము ఉండదు. టైరులో గాలి బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. పది డిగ్రీలు చల్లబడితే టైరులో ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది. బ్యాటరీ పాతదైతే చలికి ఇంకా నీరసపడుతుంది. కిక్ ఉన్న బండ్లకి బెంగ లేదు. సెల్ఫ్ ఒక్కటే ఉన్న బండి ఇంట్లోనే రెండోసారి నొక్కితే గానీ స్టార్ట్ కాకపోతే, పైన మొరాయిస్తుందని అనుకోండి. పాత కార్బొరేటర్ బండ్లకి చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజిన్ కుదురుకున్నాక చోక్ మూసేయండి.

పెట్రోలు నర్సీపట్నంలో నింపుకోవాలి. బండి కాగితాలు, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఫోన్‌లో డిజిలాకర్‌లో ఉన్నా సరిపోతాయి.

వంద సీసీ బండి, గేరులేని స్కూటర్ పనికొస్తాయా?

వంద సీసీ బండి నిక్షేపంగా ఎక్కుతుంది, ఆ ఊళ్లవాళ్లు రోజూ ఎక్కుతూనే ఉన్నారు. గేరులేని స్కూటర్ మీద ఒక్కరే అయితే రండి, డబుల్స్ వద్దు. దిగేటప్పుడు దానికి ఇంజిన్ పట్టు తక్కువ, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఘాట్ దిగేటప్పుడు ఏం గుర్తుంచుకోవాలి?

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేయొద్దు, ఇంజిన్ ఆపొద్దు. బ్రేకు పట్టుకునే ఉంటే వేడెక్కి పట్టు పోతుంది, మలుపుకి ముందే పట్టి వదిలేయండి. కొండ నీడలో ఉన్న మలుపుల్లో మంచు తడి మధ్యాహ్నం దాకా ఆరదు, అక్కడ ఇసుకా ఆకులూ ఉంటాయి. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, అది చట్టం కూడా. మూడింటికల్లా ఘాట్ దిగి నర్సీపట్నంలో ఉండాలి. అందుకే పైన ఒంటిగంటన్నరకి అందర్నీ పిలిచేస్తాను.

మా ఇంటావిడని, చెల్లిని వెనక కూర్చోబెట్టుకుని రావచ్చా?

తప్పకుండా. అయితే వెనక కూర్చున్నవాళ్లకి ఏ పనీ ఉండదు కాబట్టి ఒళ్లు కదలక చలి ఎక్కువ పట్టేస్తుంది. వాళ్లకి మీకంటే ఒక పొర ఎక్కువ ఉండాలి. మీకు చలి లేదని వాళ్లకీ లేదనుకోవద్దు, అడుగుతూ ఉండండి. చలికి ముడుచుకుని కునుకు తీస్తే పడిపోతారు, మాట్లాడిస్తూ ఉండండి. చిన్నపిల్లల్ని ఈ రైడ్‌కి తీసుకురావద్దని బతిమాలుకుంటున్నాను. మా దగ్గర సొంత బండి మీద వచ్చే ఆడవాళ్లు నలుగురున్నారు, వాళ్లలో ఒకరే మా లీడ్.

పైన ఏం చూస్తాం? ఏం తింటాం?

లంబసింగిలో చలిమంట, వేడి టీ. తర్వాత దగ్గర్లోని తాజంగి జలాశయం. ఎండ పడుతుంటే నీళ్ల మీంచి ఆవిరి లేస్తూ ఉంటుంది, అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. నవంబరు, డిసెంబరులో వస్తే వలిసె పువ్వు కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. మన రైడ్ నాటికి చాలావరకు కోతకొచ్చేస్తుంది. కాఫీ తోటలు, వాటి నీడ చెట్లకి పాకిన మిరియం తీగలు దారి పొడుగునా కనిపిస్తాయి. తోటల్లో పండిన స్ట్రాబెర్రీలు రోడ్డు పక్కన అమ్ముతారు. భోజనానికి బొంగులో చికెన్ ముందే చెప్పి చేయిస్తాం, శాకాహారులకి వేరే ఏర్పాటు ఉంటుంది. నీళ్లు తాగడం మర్చిపోవద్దు. చలికి దాహం తెలియదు, సాయంత్రానికి తలనొప్పి వస్తుంది.

చింతపల్లి వెళ్తామా?

టైము ఉంటే వెళ్తాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆయుధాల కోసం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. మనం ఎక్కే దారికీ ఆ కథకీ సంబంధం ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి అడవిలో రోడ్డు వేసేటప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కాంట్రాక్టరుతో కలిసి గిరిజన కూలీలకి సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. ఎదురుతిరిగినవాళ్లని కొట్టించాడు. మన్యం తిరగబడటానికి ఉన్న కారణాల్లో అదొకటి. హెయిర్‌పిన్ దగ్గర బండి వంచేటప్పుడు నాకు ఆ సంగతి గుర్తొస్తూ ఉంటుంది. ఆ దారి మీద మోత మోగించుకుంటూ పోవడానికి మనసొప్పదు.

ఊళ్లవాళ్లతో ఎలా ఉండాలి?

ఎవరింటికైనా చుట్టంగా వెళ్తే ఎలా ఉంటామో అలా. సైలెన్సర్ మార్చి మోత చేసే బండ్లని ఈ రైడ్‌కి రానివ్వం. ఊళ్లలో 30 దాటొద్దు, కోళ్లూ మేకలూ పిల్లలూ రోడ్డు మీదే ఉంటారు. అడక్కుండా ఎవరి ఫోటో తీయొద్దు, ముఖ్యంగా ముసలమ్మలవీ పిల్లలవీ. వలిసె చేలోకి దిగి ఫోటోల కోసం మొక్కలు తొక్కొద్దు, ఆ గింజ అమ్ముకుంటేనే వాళ్లకి డబ్బు. టీ, టిఫిను, పళ్లు అక్కడే కొనండి, బేరం ఆడకండి. ప్లాస్టిక్ చెత్త తిరిగి నర్సీపట్నం దాకా మన బ్యాగుల్లోనే వస్తుంది. ఖాళీ సంచి నేను తెస్తాను.

దారిలో పోలీసులు ఆపితే?

ఆపుతారు. గంజాయి రవాణా మీద నిఘా ఉన్న ప్రాంతం కాబట్టి తనిఖీలు మామూలే. హెల్మెట్ తీసి, ఇంజిన్ ఆపి, అడిగిన కాగితాలు చూపించి, బ్యాగు తెరవమంటే తెరవండి. మొహమాటానికి కూడా ఎవరి పార్సిలూ, సంచీ తీసుకురావద్దు. "కింద ఫలానా చోట ఇచ్చేయండి అన్నా" అని ఎంత మర్యాదగా అడిగినా సరే.

ఎవరైనా పడిపోతే?

అందరూ గుమిగూడొద్దు. నేనూ, దగ్గరలో ఉన్న మార్షలూ (గుంపుని చూసుకునే మా క్లబ్బు మనిషి) పడ్డవాళ్ల దగ్గరికి వెళ్తాం. ఇద్దరు ముందూ వెనకా మలుపులకి అవతల నిలబడి వచ్చే బండ్లని ఆపుతారు. మిగతావాళ్లు రోడ్డు దిగి ఆగాలి. పడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టకండి, హెల్మెట్ లాగకండి. బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు. జేబులో ఒక చీటీ మీద మీ రక్తం గ్రూపు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు రాసి పెట్టుకుని రండి. లాక్ చేసిన ఫోన్ అప్పుడు ఎవరికీ ఉపయోగపడదు.

నర్సీపట్నం దాకా వచ్చి ఇక నావల్ల కాదనిపిస్తే?

అక్కడే ఆగిపోండి, లేదా వెనక్కి వెళ్లండి. ఒంటరిగా పంపం, ఒక మార్షల్ తోడు వస్తారు. కిందటేడు ముగ్గురు అలా వెనుదిరిగారు. వాళ్లలో ఇద్దరు ఈ ఏడు ముందుగానే పేరు ఇచ్చారు, ఈసారి మంచి గ్లౌజులు కొనుక్కున్నామని చెప్పారు.

వాన పడితే?

రైడ్ ఉండదు. తడి బట్టలతో ఆ చలిలో ఎవర్నీ తీసుకెళ్లం. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వాతావరణ శాఖ చెప్తే ముందురోజు సాయంత్రమే వాయిదా కబురు పెడతాం.

ఇంటికి చేరాక ఏమైనా చేయాలా?

ఫోన్‌లో మన గ్రూపులో "చేరాను" అని ఒక్క మాట పెట్టండి. లంకెలపాలెం దాటాక ఎవరి దారిన వాళ్లు విడిపోతారు, ఆ తర్వాత మీరు నాకు కనిపించరు. పేర్ల జాబితా కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరి పేరు పక్కన టిక్కు పెట్టుకుంటాను. ఎనిమిదింటికి టిక్కు లేని పేరుంటే ఆ ఇంటికి ఫోన్ చేస్తాను. కాబట్టి రాత్రి ఎనిమిదికి కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే తీయమని ఇంట్లో చెప్పి రండి.